ఫోన్ విమానం ఎక్కకముందే

అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసులో చాక్లెట్లు, బాదం పప్పు, విటమిన్ మాత్రల సీసాల మధ్య చాలాసార్లు ఒక ఫోన్ కూడా ఉంటుంది. కొడుకు కొత్తది కొనుక్కుని, తాను వాడినది తండ్రికి పంపుతాడు. సెలవులకు వచ్చే బావ మరదలికి ఒకటి తెస్తాడు. ఇక్కడ మన జియో సిమ్మో ఎయిర్‌టెల్ సిమ్మో వేయగానే, ఐఫోన్ అయితే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని చూపిస్తుంది. శాంసంగ్ అయితే నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ కొట్టమంటుంది. ఫోన్ పాడైందని కొందరు దిగులు పడతారు. సిమ్ పోయిందనుకుని కొత్త సిమ్ కోసం పరుగెత్తే వాళ్లూ ఉన్నారు. నిజానికి రెండూ బాగానే ఉన్నాయి. ఆ ఫోన్ అమ్మిన మొబైల్ కంపెనీ, తన సిమ్ తప్ప ఇంకొకటి పనిచేయకుండా తాళం వేసి పెట్టింది. దాన్నే క్యారియర్ లాక్ అంటారు.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ తాళం చెవి అమ్మిన కంపెనీ దగ్గరే ఉంటుంది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు అడిగితేనే దారి సులువవుతుంది. కాబట్టి ఆ పని ఫోన్ అక్కడ ఉండగానే పూర్తి కావాలి. అక్కడ సులువుగా అయ్యే పనికి ఇక్కడికి వచ్చాక వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి అసలు కాదు.

మరి ముందే ఎందుకు కనుక్కోం? మొహమాటం. ప్రేమగా పంపుతున్న వాడిని ‘లాక్ తీశావా?’ అని అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమోనని తల్లిదండ్రులు ఊరుకుంటారు. ఊరికే వచ్చేదానికి ప్రశ్నలేమిటని ఇంకొకరు సర్దిచెప్పుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, పంపేవాడికే ఆ విషయం తెలియకపోవచ్చు. అక్కడ వాడుతున్నంత కాలం ఆ కంపెనీ సిమ్మే ఉంటుంది గనుక లాక్ ఉన్న జాడ ఎక్కడా బయటపడదు. రెండేళ్లు వాడినవాడికి కూడా అది తాళం వేసిన ఫోన్ అని తెలియకపోవడంలో వింతేమీ లేదు. మీ ప్రశ్న అతడికి సాయమే గానీ అవమానం కాదు. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

తాళం ఎందుకు వేస్తారు

ప్రతి సిమ్‌లోనూ ఒక గుర్తింపు సంఖ్య రాసి ఉంటుంది. మనం పదిమందికీ చెప్పే ఫోన్ నంబరు వేరు, ఇది వేరు. దీని మొదటి మూడంకెలు దేశాన్నీ, తర్వాతి రెండు మూడంకెలు కంపెనీనీ చెబుతాయి. మన దేశపు సిమ్‌లు 404తో గానీ 405తో గానీ మొదలవుతాయి. అమెరికావి 310తోనో, దానికి దగ్గరి సంఖ్యలతోనో మొదలవుతాయి. లాక్ ఉన్న ఫోన్ సిమ్ వేయగానే ఈ అంకెలు చదువుతుంది. తనకు అనుమతి ఉన్న కంపెనీవి కాకపోతే సిగ్నల్ వెతకడమే మానేస్తుంది. అదే ఫోన్‌లో కెమెరా, వైఫై, పాటలు, ఆటలు అన్నీ మామూలుగానే నడుస్తాయి.

మన దగ్గర ఫోన్ ఒకచోట కొంటాం, సిమ్ ఇంకోచోట తీసుకుంటాం. అందుకే ఈ తాళం మనకు కొత్తగా అనిపిస్తుంది. కానీ మనకూ దీని రుచి కొంత తెలుసు. 2003లో రిలయన్స్ 501 రూపాయలు ముందు కట్టించుకుని ఫోన్లు ఇచ్చినప్పుడు, ఆ తొలి సీడీఎంఏ ఫోన్లలో సిమ్ వేసే చోటే ఉండేది కాదు. నంబరు ఫోన్‌లోనే ఉండేది. కంపెనీ మారాలంటే ఫోన్ కూడా మార్చాల్సిందే. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్‌లో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. తక్కువ డబ్బుతో ఫోన్ చేతికి వచ్చింది, బదులుగా కంపెనీ మనల్ని కట్టిపడేసుకుంది.

అమెరికాలో వ్యాపారమంతా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. వెయ్యి డాలర్ల ఫోన్‌ను ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్ లాంటి కంపెనీలు 24 లేదా 36 నెలల వాయిదాల మీద ఇస్తాయి. వాయిదాలు ఎగ్గొట్టి వేరే కంపెనీకి వెళ్లిపోకుండా తాళం వేస్తాయి. బాకీ ఉన్నంత వరకూ ఈ తాళం సబబేనని నా అభిప్రాయం. బాకీ తీరాక మాత్రం ఒక్క రోజు కూడా అది ఉండకూడదు. ఫోన్ మన డబ్బుతో కొన్నది.

ఈ న్యాయం కోసం అక్కడ పెద్ద పోరాటమే జరిగింది. 2007లో తొలి ఐఫోన్ ఏటీ అండ్ టీకి మాత్రమే కట్టుబడి వచ్చింది. ఆ వేసవిలోనే న్యూజెర్సీకి చెందిన 17 ఏళ్ల జార్జ్ హాట్జ్ దాని తాళం విప్పి వార్తల్లోకెక్కాడు. 2013 జనవరి చివర్లో పరిస్థితి తలకిందులైంది. కాపీరైట్ చట్టంలో అప్పటిదాకా ఉన్న మినహాయింపు ముగిసిపోయి, కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోన్ అన్‌లాక్ చేసుకోవడం అక్కడ చట్టవిరుద్ధమైంది. జనం ఊరుకోలేదు. శ్వేతసౌధానికి పెట్టిన అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా సంతకంతో, అన్‌లాక్ చేసుకునే హక్కును తిరిగి ఇచ్చే చట్టం వచ్చింది. అయితే తాళం తీసి ఇవ్వడాన్ని ఆ చట్టం కంపెనీలకు విధిగా చేయలేదు. బాకీ తీరిన కస్టమర్ అడిగితే తీస్తామని పెద్ద కంపెనీలు స్వచ్ఛందంగా మాటిచ్చాయి. 2015 ఫిబ్రవరి నుంచి ఆ మాట మీదే ఇది నడుస్తోంది.

కొన్ని దేశాలు ఇంకా ముందుకు వెళ్లాయి. కెనడాలో 2017 డిసెంబరు నుంచి ఫోన్లను తాళం లేకుండానే అమ్మాలి. జపాన్ 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్ అదే ఏడు డిసెంబరు నుంచి లాక్ ఫోన్ల అమ్మకాన్ని ఆపించాయి. టొరంటోలోనో లండన్‌లోనో ఈ మధ్య కొన్న ఫోన్ వస్తుంటే మీకు దిగులు తక్కువ. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వస్తుంటే మాత్రం అడిగి తీరాలి.

ఎలా కనుక్కోవాలి

ఐఫోన్ అయితే అర నిమిషం పని. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరిపితే ‘క్యారియర్ లాక్’ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉంటే తాళం లేదు. మరేదైనా ఉంటే లాక్ ఉన్నట్టే. ఆ తెర ఫొటో ఒకటి తీసి వాట్సాప్‌లో పంపమనండి. మీరు ఇక్కడ కూర్చునే చూసుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో నమ్మకమైన పరీక్ష వేరే కంపెనీ సిమ్ వేసి చూడడమే. స్నేహితుడి సిమ్ ఐదు నిమిషాలు అడిగి వేస్తే చాలు. సిగ్నల్ వచ్చి, ఒక కాల్ వెళితే నిశ్చింత.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికాలో పెద్ద దుకాణాల్లో అమ్మే కొన్ని ఐఫోన్లు డబ్బాలో ఉన్నప్పుడు ఏ కంపెనీకీ కట్టుబడి ఉండవు. కానీ మొదట ఏ కంపెనీ సిమ్‌తో వాటిని మొదలుపెడితే ఆ కంపెనీకే లాక్ అయిపోతాయి. ‘ఇది కొత్తది, సీల్ కూడా విప్పలేదు’ అన్న మాట చాలదన్నమాట. అన్‌లాక్డ్ అని స్పష్టంగా రాసి అమ్మిన ఫోన్‌నే పూర్తి ధర కట్టి కొంటే ఈ గొడవ ఉండదు. ఆపిల్ సొంత దుకాణంలో కొనేటప్పుడు కూడా, కంపెనీ తర్వాత ఎంచుకుంటానని చెప్పి కొనమనండి.

శాంసంగ్‌లో ఇంకో రకం ఉంది. క్యారియర్ లాక్ లేకపోయినా, కొన్ని గెలాక్సీ ఫోన్లు, కొన్న ప్రాంతపు సిమ్‌తో మొదట ఐదు నిమిషాలకు పైగా కాల్ మాట్లాడాకే మిగతా దేశాల సిమ్‌లను ఒప్పుకుంటాయి. డబ్బా మీద ఆ హెచ్చరిక ముద్రించి ఉంటుంది. సీల్ తీయకుండా బహుమతిగా తీసుకురావడం అందంగానే ఉంటుంది కానీ, ఇలాంటి ఫోన్ విషయంలో అక్కడే సీల్ విప్పి ఒక కాల్ మాట్లాడి తేవడం మేలు.

ఒకే మాట, నాలుగు తాళాలు

దుకాణంలో అందరూ ‘లాక్ అయింది’ అనే ఒక్క మాటే వాడతారు. దాని వెనక నాలుగు వేర్వేరు సంగతులుంటాయి. ఏదో తెలుసుకోకుండా డబ్బు ఇవ్వకండి.

మొదటిది మనం చెప్పుకుంటున్న క్యారియర్ లాక్. రెండోది పాత యజమాని ఆపిల్ ఐడీ లేదా గూగుల్ ఖాతా ఇంకా ఫోన్‌లో ఉండిపోవడం. దీనికి మొబైల్ కంపెనీతో పనిలేదు, ఆ ఖాతా గల మనిషి పాస్‌వర్డ్ కొట్టి తీసేయాలి. కొడుకు పంపిన ఫోన్‌లో కొడుకు ఖాతా మిగిలి ఉంటే వీడియో కాల్‌లోనే సరిచేయించవచ్చు. ఎవరిదో తెలియని సెకండ్ హ్యాండ్ ఫోన్‌లో ఉంటే ఆ బేరం వదిలేయండి. మూడోది బ్లాక్‌లిస్టు. దొంగల పాలైందనో, బాకీ ఎగ్గొట్టారనో ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరును నిలిపివేయడం. నాలుగోది మన దేశంలో కిస్తీల మీద ఫోన్ ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పెట్టించే యాప్ లాక్. కిస్తీ తప్పితే తెర మూసుకుపోతుంది. దీనికి మందు బాకీ కట్టి, తీరినట్టు కాగితం తీసుకోవడమే.

కొనేముందు ఐఎంఈఐ చూసుకోవడం అలవాటు చేసుకోండి. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ డయల్ చేస్తే ఆ 15 అంకెలు తెర మీదికి వస్తాయి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ అంకెలు కొట్టి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ ఇదే చూడవచ్చు.

తాళం తీయించడం

ఫోన్ ఎవరి కనెక్షన్ మీద కొన్నారో వాళ్లు ముందుగా వాయిదాలన్నీ తీరాయా అని చూసుకోవాలి. తీరితే కంపెనీ వెబ్‌సైట్‌లో అన్‌లాక్ కోసం అడిగే పేజీ ఉంటుంది, అక్కడ ఐఎంఈఐ ఇవ్వాలి. ఇటీవలి కాలం దాకా షరతులు ఇంచుమించు ఇలా ఉన్నాయి: నెలవారీ బిల్లు కనెక్షన్ అయితే బాకీ తీరడంతో పాటు ఏటీ అండ్ టీలో 60 రోజులు, టీ-మొబైల్‌లో 40 రోజులు ఆ ఫోన్ వాడి ఉండాలి. ప్రీపెయిడ్ అయితే గడువు చాలా ఎక్కువ, మొదటిదానిలో ఆరు నెలలు, రెండోదానిలో ఏడాది. వెరిజాన్‌కు 2019లో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ 60 రోజుల లాక్‌కు మాత్రమే అనుమతి ఇచ్చింది, 2026లో ఆ పరిమితిని ఎత్తేసింది. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి. అడిగే రోజున ఆ కంపెనీ సొంత పేజీలో ఏముందో అదే ప్రమాణం.

ప్రీపెయిడ్ గడువులు చూశారుగా? దుకాణంలో చాలా చవగ్గా కనబడిన ప్రీపెయిడ్ ఫోన్‌ను సెలవులకు వచ్చే ముందు వారం కొని తెస్తే అది ఇక్కడ సిమ్ తీసుకోదు. చుట్టాలకు ఇవ్వడానికి ఎంచుకోదగ్గ ఫోన్లలో అన్నిటికన్నా చెడ్డది అదే.

ఇంకో చిక్కు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అమెరికాలో పాత ఫోన్ మార్చుకుంటే కొత్తది ‘ఉచితం’ అనే ఆఫర్లుంటాయి. అందులో తగ్గింపు ఒక్కసారిగా రాదు, రెండు మూడేళ్ల పాటు నెలనెలా బిల్లులో కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తాళం తీయించడానికి మిగిలిన బాకీ ఒకేసారి కట్టేస్తే, చాలా ఆఫర్లలో మిగతా తగ్గింపు పోతుంది. మీ అబ్బాయి ‘ఇప్పుడు కుదరదు నాన్నా’ అంటే అది పిసినారితనం కాదు, వందల డాలర్ల నష్టం లెక్క. అలాంటప్పుడు ఆ ఫోన్‌ను అతడే వాడుకుని, బాకీ తీరిన పాతది పంపడం ఇద్దరికీ లాభం.

కంపెనీ ఒప్పుకున్నాక ఐఫోన్ అయితే వేరే సిమ్ వేసి వైఫైకి కలిపితే చాలు, ఆపిల్ సర్వర్ నుంచి అనుమతి వస్తుంది. అప్పటికీ కదలకపోతే డేటా దాచుకుని ఫోన్ పూర్తిగా చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు అంకెల కోడ్ పంపుతారు. ఆ కోడ్ నిదానంగా, ఒకటికి రెండుసార్లు సరిచూసి కొట్టండి. తప్పు కోడ్ పరిమితికి మించి కొడితే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

ఇక బజారు దారుల సంగతి. సిమ్‌కు అతికించే పలచని చిప్ ఒకటి దొరుకుతుంది. అది సిమ్ గుర్తింపు సంఖ్యను మార్చి చూపి ఫోన్‌ను నమ్మిస్తుంది. పనిచేసినన్నాళ్లు బాగానే ఉంటుంది. ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సిగ్నల్ పోతుంది. ఆ భయంతో అప్‌డేట్లు ఆపేసుకుంటే, బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌కు భద్రత కరవవుతుంది. తండ్రి పింఛను డబ్బులు చూసుకునే ఫోన్‌లో నేనైతే అది పెట్టనివ్వను. కోడ్ అమ్ముతామనే వెబ్‌సైట్లలో నికార్సైనవి ఏవో, మోసం చేసేవి ఏవో బయటివాళ్లకు తేల్చడం కష్టం. ఐఎంఈఐ మార్చేస్తామని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అది మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడగల నేరం. క్యారియర్ లాక్ తీయడానికి ఐఎంఈఐ మార్చాల్సిన పనే లేదు.

తాళం తీశాక కూడా చూసుకోవలసినవి

అన్‌లాక్ అయితే అన్నీ అయిపోయినట్టు కాదు. ఐఫోన్ 14 మొదలు అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రే లేదు, ఈ-సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తున్నాయి గనుక పని జరుగుతుంది. కానీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవడం అలవాటైన పెద్దవాళ్లకు ఇది ఇబ్బందే. ఫోన్ కింద పడి పగిలితే, నంబరు మరో ఫోన్‌లోకి మార్చుకోవడానికి మళ్లీ కంపెనీని ఆశ్రయించాలి. పల్లెలో ఒంటరిగా ఉండే అమ్మకు ట్రే ఉన్న ఫోన్ ఇవ్వడమే మంచిదని నేను చెబుతాను. ఇంకో జాగ్రత్త: ఈ-సిమ్‌గా మార్చి పెడతామని ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. నంబరు వాళ్ల చేతికి పోతే బ్యాంకు ఖాతా కూడా పోయినట్టే.

తర్వాత వాల్టీ (VoLTE), అంటే కాల్స్‌ను 4జీ నెట్‌వర్క్ మీదే నడిపే పద్ధతి. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్స్ అన్నీ 4జీ మీద వాల్టీతోనో, లేదంటే 5జీ మీదో వెళ్లాలి. అమెరికా కంపెనీల కోసం తయారైన కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు జియోకు వాల్టీ అందించవు. నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు. అలాంటి ఫోన్‌లో ఎయిర్‌టెల్ వేస్తే కాల్ 2జీకి జారి అయినా మోగుతుంది. ఐఫోన్లకు ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. ఫోన్ అందుకోగల బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణులు కూడా చూడాలి. మన 4జీలో 3, 5, 8, 40 అనే బ్యాండ్ల మీద చాలా ట్రాఫిక్ నడుస్తుంది. కొనేముందు ఫోన్ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో ఈ అంకెలున్నాయో లేదో చూస్తే సరిపోతుంది.

ఎదురు దిశలో వెళ్లే మన పిల్లల మాట కూడా చెప్పాలి. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు ఇక్కడ కొన్న ఫోన్ అక్కడ వాడుకోవచ్చు, సాధారణంగా దానికి లాక్ ఉండదు. అయితే ఏటీ అండ్ టీ తన జాబితాలో లేని ఫోన్లను ఒప్పుకోకపోవచ్చు. సిమ్ తీసుకునే ముందు ఐఎంఈఐ ఇచ్చి అడగాలి. మన నంబరుకు బ్యాంకు ఓటీపీలు రావాలంటే రోమింగ్ ఆన్ చేయించి, ఆ సిమ్‌ను రెండోదిగా ఉంచుకోవాలి. అక్కడ కంపెనీ వాయిదాల మీద ఇచ్చిన లాక్ ఫోన్‌లోకి మారితే మాత్రం మన సిమ్ అందులో పనిచేయదు. ఈ-సిమ్ అయినా అంతే. కాబట్టి ఇంటి నుంచి తీసుకెళ్లిన ఫోన్‌ను తొందరపడి అమ్మేయవద్దు.

లాక్ ఉన్న ఫోన్ ఇప్పటికే ఇంట్లో ఉండి, బాకీ తీరకపోతే, దాన్ని వైఫై మీద వాడుకోండి. మీ మామూలు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుంటే వాట్సాప్, వీడియో కాల్స్, యూట్యూబ్ అన్నీ వస్తాయి. మీ నంబరుకు వచ్చే ఓటీపీతో అందులో వాట్సాప్ తెరవవచ్చు. బాకీ తీరే తేదీ కనుక్కుని ఆ రోజు గుర్తుచేయండి. ఐఎంఈఐ మీ దగ్గరే ఉంది గనుక అర్జీ పెట్టేటప్పుడు అది పంపితే చాలు.

ఈ వేసవిలోనో సంక్రాంతికో మీ వాళ్లెవరైనా వస్తుంటే ఈ నాలుగు ముక్కలు ఈరోజే పంపండి: ‘నాన్నా, తెచ్చే ఫోన్ మీద వాయిదాలు తీరాయా? అబౌట్‌లో క్యారియర్ లాక్ దగ్గర ఏముందో ఫొటో తీసి పెట్టు. లాక్ ఉంటే బయల్దేరేలోపు కంపెనీని అడిగి తీయించు. సిమ్ ట్రే ఉందా, ఈ-సిమ్మేనా చెప్పు. నీ ఆపిల్ ఐడీ తీసేసి తీసుకురా.’ బావకో, అన్నయ్యకో, అమ్మాయికో పంపేట్టయితే పిలుపు మార్చుకోండి. టికెట్ తేదీకి కనీసం రెండు వారాల ముందు పంపండి, కంపెనీ జవాబివ్వడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.